నాలుగిళ్ళ గులాబీల అచ్చు

క్రిస్మస్‌కూ సంక్రాంతికీ మధ్య పట్టుమని మూడు వారాలు లేకపోయినా, చేతిలో డబ్బు ఆడే విషయానికి వస్తే ఆ రెండు పండగలకూ పొంతనే లేదని మా అమ్మ ప్రతి డిసెంబరులోనూ అనుకునేది. సంక్రాంతి నాటికి వరి కోతలయి గింజ ఇల్లు చేరుతుంది, కూలి చేసుకునేవారికి కూడా నాలుగు గింజలు దక్కుతాయి, కొట్టు శెట్టి పాత బాకీ చూసి మొహం చిట్లించడు. క్రిస్మస్ నాటికి వరి ఇంకా పొలంలోనే ఉంటుంది, పొగాకు డబ్బు కళ్ళజూడాలంటే వేసవి రావాలి, తుపాను గాలి ఎప్పుడు తిరుగుతుందోనన్న బెంగతో ఎవరూ ఎవరికీ అప్పు పెట్టరు. ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్ళే దారికి దాపున ఉన్న మా పల్లెలో, ఏడాది మొత్తంలో చేతులు బాగా ఖాళీగా ఉండే నెల డిసెంబరే. మాకు పెద్ద పండగ వచ్చేదీ ఆ నెలలోనే.

మా నాన్న పంచాయతీ సమితి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. నేను చెబుతున్నది మండల పరిషత్తులు రాక ముందు, 1975 నుంచి 1985 దాకా, నాకు బాగా గుర్తున్న పదకొండు క్రిస్మస్‌ల సంగతి. ఆ రోజుల్లో ఆయన జీతం చేతికి అయిదు వందలు దాటి వచ్చేది కాదు, అదైనా ఫలానా తేదీకి వస్తుందన్న భరోసా ఉండేది కాదు. ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న, మేము నలుగురు పిల్లలం కలిసి ఏడుగురం. అయినా మా వాడ మొత్తానికి నెలజీతం వచ్చే ఇల్లు మాదొక్కటే కావడం వల్ల, అందరి దృష్టిలో మేము కలిగినవాళ్ళం. నాన్న చెల్లెళ్ళు ఇద్దరు, వాళ్ళ భర్తలు, పిల్లలు, టంగుటూరు వైపు నుంచి మా మేనమామ కుటుంబం, ఆరాధన జరిపించే పాస్టరుగారు, ఇంటింటికీ వెళ్ళి బైబిలు చెప్పే బైబిలు స్త్రీగా పని చేసే ఒక ముసలమ్మ, ఎవరూ లేని ఇద్దరు ముగ్గురు వాడ పెద్దవాళ్ళు, వీళ్ళందరితో పండగ మధ్యాహ్నం మా ఇంటి ముందు పందిట్లో ముప్పై విస్తర్లు తప్పకుండా పడేవి. అయ్యవారింట్లో పండగ భోజనం అనేది మా తాత బతికి ఉన్ననాటి నుంచి వస్తున్న వాడుక కాబట్టి, ఈ ఏడు పిలవకుండా ఊరుకుందామన్న మాట నాన్న నోట గాని అమ్మ నోట గాని నేను ఎన్నడూ వినలేదు. నవంబరు చివరి వారంలో నాన్న పోస్టు కార్డులు నాలుగు తెచ్చి, అందరికీ అదే మాట రాసేవారు: పిల్లలతో సహా తప్పక రావలెను. ఆ కార్డులు డబ్బాలో పడిన రోజు నుంచి అమ్మ లెక్కలు మొదలయ్యేవి అనుకుంటే పొరపాటు. ఆమె లెక్కలు జనవరిలోనే మొదలయ్యేవి.

వాడలోని ఆడవాళ్ళు ఇరవై మంది కలిసి ఒక క్రిస్మస్ చీటీ నడుపుకునేవారు. నెలకు తలా పది రూపాయల చొప్పున పదకొండు నెలలు కడితే, ఆ డబ్బును చీటీ పెట్టిన ఆమె వడ్డీకి తిప్పి, డిసెంబరు మొదటి వారంలో ఒక్కొక్కరికి నూట ఇరవై అయిదు రూపాయలు ఇచ్చేది. ఆ పది రూపాయలు ఏ నెలా మిగిలిన డబ్బు కాదు, ఏదో ఒకటి మానుకుంటే వచ్చిన డబ్బు. ఇది కాక వంటింట్లో రెండు కుండలు ఉండేవి. మా క్రైస్తవ సంఘాలలో పిడికెడు బియ్యం అని ఒక కానుక ఉంటుంది. పూట పూటకూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి, అంటే చర్చికి, తీసుకుపోయి ఇస్తారు. అమ్మ రెండు పిడికిళ్ళు తీసేది. మొదటిది గుడి కుండలోకి, రెండోది పండగ కుండలోకి. గుడి పిడికిలి నిండుగాను, పండగ పిడికిలి కాస్త సన్నంగాను ఉండేదని, దేవుడి దగ్గర మోసం చేయకూడదని అలా చేసేదాన్నని ఆమె తరువాత ఎప్పుడో చెప్పింది. పురుగు పట్టకుండా ఆ కుండలో ఎండు వేపాకు వేసి, మూకుడు పెట్టి, మట్టితో మెత్తేది. అరిసెలకు బియ్యం కొనవలసిన పని లేకుండా పోవడానికి ఆ కుండే కారణం.

చక్కెర మాత్రం కొట్లో కొనడమంటే కష్టం. పండగలప్పుడు చౌక డిపోలో కార్డుకు కొంత ఎక్కువ చక్కెర, పామాయిలు ఇచ్చేవారు. ఆ రోజున మా అక్క తెల్లవారుజామునే వెళ్ళి వరసలో మా సంచీ పెట్టి వచ్చేది. డిపో తెరిచే వేళకు మనిషికి బదులు సంచులు, తట్టలు, చెప్పులు, ఒక రాయి కూడా వరసలో ఉండేవి. ఆ రాయి ఎవరిదో అందరికీ తెలుసు, దాన్ని దాటిపోయే సాహసం ఎవరికీ ఉండేది కాదు. చక్కెర గులాబీ పువ్వులకు, బెల్లం అరిసెలకు, వేరుశనగ నూనె మొదటి వాయికి, పామాయిలు తరువాతి వాయిలకు అని అమ్మ ముందే పంచి పెట్టుకునేది. మొదటి వాయి వేరుశనగ నూనెలో ఎందుకంటే, పాస్టరుగారికి, అల్లుళ్ళకు పెట్టేవి అందులోనుంచే తీయాలి. మిగిలినవన్నీ మాకు, మా నాలుకలకు తేడా తెలియదని ఆమె నమ్మకం. మాకు తెలిసేది, చెప్పేవాళ్ళం కాదు.

గులాబీ పువ్వులు చేసే అచ్చు మా ఒక్కరి సొత్తు కాదు. 1974 ప్రాంతంలో నాలుగిళ్ళ వాళ్ళు తలా మూడు రూపాయలు వేసుకుని ఒంగోలు బజారులో కొన్నది అది. పొడుగాటి ఇనప కాడ, దాని చివర రేకుల పువ్వు, కాడకు పైన చేతికి వేడి తగలకుండా చెక్క పిడి. నాలుగిళ్ళకూ నాలుగు రోజులు కేటాయించి ఉండేవి: డిసెంబరు పంతొమ్మిది మా పెద్దమ్మ వరసైన ఆమె ఇంట్లో, ఇరవై మిషను కుట్టే వాళ్ళింట్లో, ఇరవై ఒకటి మా ఇంట్లో, ఇరవై రెండు గుడికి ఎదురింట్లో. అచ్చు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి పోయేటప్పుడు కడిగి ఇవ్వకూడదు, నూనె ఓడుతుండగానే ఇవ్వాలి, కడిగితే మరునాడు పిండి పట్టుకుని వదలదు. పువ్వు వేయడం కన్నా ఆ అచ్చును కాచడంలోనే అసలు పని ఉంటుంది. మరుగుతున్న నూనెలో దాన్ని ఎర్రగా కాగేదాకా ఉంచి, మైదాపిండి, కోడిగుడ్డు, చక్కెర, కొబ్బరిపాలు కలిపిన జారులో పై అంచు మునగకుండా ముంచి, మళ్ళీ నూనెలో పెట్టి చిన్నగా విదిలిస్తే పువ్వు ఊడి తేలుతుంది. అంచు మునిగిందా, పువ్వు అచ్చును పట్టుకుని కూర్చుంటుంది, చాకు మొనతో గీకి తీయాలి. అలా చెడిపోయిన పువ్వులు పిల్లలవి కాబట్టి, అమ్మ చేయి తడబడాలని మేము పొయ్యి పక్కన కూర్చుని లోలోపల ప్రార్థన చేసేవాళ్ళం. మూడు నాలుగు చెడిన తరువాత ఆమె చేయి కుదురుకునేది, మా పండగ అక్కడితో ఆగేది.

అరిసెల రాత్రి వేరు. ఆ పని ఒక ఇంటివల్ల అయ్యేది కాదు. నానబెట్టిన బియ్యాన్ని తడి ఆరకుండా రోట్లో దంచాలంటే ఇద్దరు రోకళ్ళు పట్టాలి, జల్లించాలంటే ఒకరు, పాకం చూడాలంటే చెయ్యి తిరిగినామె ఒకరు, వత్తేవారు, వేయించేవారు, చెక్కల మధ్య నూనె పిండేవారు. మూడు కిలోల బియ్యానికి 120 అరిసెల దాకా వచ్చేవి. ఏ ఇంట్లో పాకం పడుతున్నా మా పెద్దమ్మే వచ్చి గిన్నెలో నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి, దాన్ని పళ్ళెం మీద కొట్టి చప్పుడు విని, ఇక దించమనేది. ఆమె కూలీ అయిదు అరిసెలు, తమలపాకులు. డబ్బు పెట్టి కొనాలంటే ఆ శ్రమ మాలాంటివారికి అందేది కాదు. ఒకరి రాత్రిని ఒకరు అరువు ఇచ్చుకుని, నాలుగు రాత్రుళ్ళలో తీర్చుకునేవారు. ఇదంతా కబుర్ల మధ్య హాయిగా సాగిపోయేదని చెప్పను. రోకలి పట్టకుండా తప్పించుకున్న కోడళ్ళ మీద మాటలు పడేవి, ఎవరి బెల్లం నల్లదో ఎవరి నూనె పాతదో అందరికీ తెలిసిపోయేది.

ఇంటి అలంకరణకు పెద్ద ఖర్చు ఉండేది కాదు. వెదురు బద్దలు చీల్చి కట్టిన చుక్కకు నాన్న రంగు కాగితాలు అంటించేవారు. మైదాపిండి జిగురులో చిటికెడు మైలుతుత్తం వేయకపోతే బొద్దింకలు ఒక్క రాత్రిలో చుక్కను తినేస్తాయి. చెట్టు అంటే సరుగుడు కొమ్మ, సముద్రం వైపు తోటల్లో అడిగితే ఇచ్చేవారు, దాని మీద మంచుకు బదులు పత్తి. ఒంగోలు ఎండ తప్ప మంచు ఎరుగని మాకు ఆ పత్తి ఎందుకో ఎవరూ అడగలేదు.

అమ్మను అన్నిటికన్నా భయపెట్టింది పండగ భోజనం కాదు, పాటల రాత్రి. క్రిస్మస్‌కు ముందు వారంలో ఒక రాత్రి గుడి యువకులు, పెద్దలు, పిల్లలు కలిసి అద్దెకు తెచ్చిన పెట్రోమాక్సు లైటు ముందు పెట్టుకుని, డోలకు, కంజిర, తాళాలతో ఇంటింటికీ పాడుకుంటూ వచ్చేవారు. గుడి దగ్గర బయలుదేరినప్పుడు ఇరవై మంది ఉండేవారు. దాటిన ప్రతి ఇంటి నుంచీ ఒకరిద్దరు కలుస్తారు కనుక, వాడ చివర ఉన్న మా ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటిపోయి, గుంపు యాభైకి చేరేది. పాడినవారికి ఏదో ఒకటి పెట్టి, వేడిగా తాగడానికి ఇచ్చి పంపాలి. అయ్యవారిల్లు కాబట్టి అందరూ మా ఇంటి కోసమే ఆకలి దాచుకుని వచ్చేవారు. యాభై మందికి పాలు పోసి టీ పెట్టడం ఊహకు కూడా అందని పని. అమ్మ బెల్లం కాఫీ పెట్టేది. పెద్ద డేగిసాలో నీళ్ళు, బెల్లం, శొంఠి, నాలుగు మిరియాలు, వేయించిన ధనియాలు కొన్ని, చివరన కాఫీ పొడి రెండు చెంచాలు. పాలు లేవన్న మాటకు తావు లేకుండా, చలికి గొంతులు బాగుపడతాయి, రేపు ఆరాధనలో పాడాలి గదా అని ఆమె ముందే అనేసేది. దానిలోకి బొబ్బర గుగ్గిళ్ళు, లేకపోతే ఉడకబెట్టిన గెనుసుగడ్డలు. రెండు మూడేళ్ళు గడిచేసరికి, పాటల రాత్రి అయ్యవారింట్లో శొంఠి కాఫీ అన్నది మా వాడలో ఒక విశేషం అయిపోయింది. పాలు దొరికే స్థితి వచ్చిన తరువాత ఒక ఏడు అమ్మ పాలకాఫీ పెడితే, ఇదేమిటి ఈసారి మామూలు కాఫీ పెట్టారని కుర్రాళ్ళు నొచ్చుకున్నారు. ఆ రోజు అమ్మ నవ్విన నవ్వులో సంతోషం ఎంతో, చిరాకు ఎంతో నేను చెప్పలేను.

బట్టల విషయం క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఆ కాలం మధ్యతరగతి పిల్లలందరిదీ ఒకే కథ. ఒకే తానులో నలుగురికీ గుడ్డ, రెండేళ్ళు ముందుచూపుతో కుట్టించిన కొలతలు. మా ఇంట్లో ప్రత్యేకత ఏమిటంటే, ఆ తానులో మిగిలిన పేలికతో నాయనమ్మ దిండు గలీబు కుట్టేది, కాబట్టి పండగనాడు మేము నలుగురం ఆమె దిండుతో సహా ఒకే పువ్వుల గుడ్డలో ఉండేవాళ్ళం.

పండగ ముందు రోజు సాయంత్రం పళ్ళేలు పంచడం పిల్లల పని. పళ్ళెంలో రెండు అరిసెలు, రెండు గులాబీలు, గుప్పెడు జంతికలు, ఒక అరటిపండు, పైన చేతి రుమాలు. మిషను కుట్టే సాయిబుగారింటికి, చౌక డిపో ఆయనకు, నాన్నతో పని చేసే ఉపాధ్యాయులకు పంపేవాళ్ళం. రంజానుకు సేమ్యా, సంక్రాంతికి చక్కిలాలు అదే పళ్ళెంలో తిరిగి వచ్చేవి, పళ్ళెం ఉత్తదిగా వచ్చిన గుర్తు లేదు. అయితే ఊళ్ళో కొన్ని ఇళ్ళకు పంపే పళ్ళెం వేరుగా ఉండేది. మా వాడలో వండినది తినని ఇళ్ళు అవి. వాటికి అమ్మ అరటి అత్తం, కొబ్బరికాయ, చక్కెర పొట్లం పెట్టి పంపేది, అవి కూడా గడప బయట అరుగు మీద పెట్టి రావలసి ఉండేది. డబ్బు లెక్కలో చూస్తే ఆ పళ్ళెమే అన్నిటికన్నా ఖరీదైనది. వండిన పళ్ళెం మన శ్రమతో పోతుంది, ఇది మాత్రం రొక్కం పెట్టి కొనాలి. ఎందుకు పంపడం, మానేయవచ్చు గదా అని మా అక్క ఒకసారి గట్టిగానే అడిగింది. బడికి వాళ్ళ పిల్లలు వస్తున్నారు, మీ నాన్న అక్కడే పని చేయాలి అని అమ్మ అంది. 1981లో ఆ ఇళ్ళలోని ఒక యువకుడు, నాన్న దగ్గర అయిదో తరగతి చదివినవాడు, పండగనాడు చెప్పకుండా వచ్చి, బంతిలో కూర్చుని భోజనం చేసి వెళ్ళాడు. ఆ ఏడు ముప్పై రెండో విస్తరి అతనిది. అతని కోసం అమ్మ తన వాటా ముక్కలు తీసిందని అక్క ఇప్పటికీ అంటుంది.

ముక్కల మాట వచ్చింది కాబట్టి భోజనం సంగతి చెప్పాలి. వాడలో పది మంది కలిసి ఒక మేకపోతును కొని, తెల్లవారుజామున కోసి, పోగులు వేసుకునేవారు. మేము ఒక పోగు తీసుకునేవాళ్ళం, ఇంట్లో పెంచిన కోళ్ళలో రెండు దానికి తోడు. ముప్పై మందికి అది ఏ మూలకు? మాంసంలో దోసకాయ ముక్కలు, కోడికూరలో బంగాళాదుంపలు పడేవి. గసగసాలు కొనలేక, వేయించిన వేరుశనగలు, ఎండు కొబ్బరి నూరి వేస్తే పులుసు చిక్కబడేది. గరిటె మాత్రం అమ్మ ఇంకెవరికీ ఇచ్చేది కాదు. మా అత్తలు లేచి, వదినా, నువ్వు కూర్చో, మేము వడ్డిస్తామని చెంగు దోపుకుని వచ్చినా, మీరు ఆడబిడ్డలు, ఏడాదికొకసారి వస్తారు, మీచేత వడ్డింపించుకుంటే నాకు మర్యాదా అని కూర్చోబెట్టేసేది. మర్యాద కోసమని మేము అనుకునేవాళ్ళం. నిజానికి గరిటె చేయి మారితే లెక్క తప్పుతుంది. అల్లుళ్ళకు, పాస్టరుగారికి నాలుగు ముక్కలు, పెద్దలకు మూడు, పిల్లలకు రెండు. మొదట ఒక గరిటె పులుసు అన్నం అంతా తడిసేలాగా పోసి, దాని మీద ముక్కలు కనబడేలా పెట్టేది. రెండోసారి అడిగేవారికి వేయడానికని ఒక చిన్న గిన్నెలో పది ముక్కలు వేరుగా ఉంచి, అదిగో ఇంకా బోలెడు ఉందన్నట్టు ఆ గిన్నెను పందిట్లో తిప్పేది. ఆ గిన్నెను చూసి చాలామంది మొహమాటానికి వద్దనేవారు. పది ముక్కల్లో అయిదారు మళ్ళీ వంటింట్లోకే వచ్చేవి.

1983లో ఈ లెక్క అంతా తలకిందులైంది. డిసెంబరు మొదటి వారంలో ఇవ్వవలసిన చీటీ డబ్బు, ఇదిగో అదిగో అని రెండు వారాలు నడిచి, చివరికి చీటీ పెట్టిన ఆమె ఇంటికి తాళం పడింది. ఇరవై ఇళ్ళలోనూ ఒకేసారి పిడుగు పడ్డట్టయింది. ఆ నెల నాన్న జీతం కూడా రాలేదు. కార్డులు అప్పటికే వెళ్ళిపోయాయి. నాన్న రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మూడో రోజున ఒంగోలు వెళ్ళి గడియారం తాకట్టు పెట్టి వస్తానని లేచారు. అమ్మ వద్దంది. కుండలో బియ్యం ఉంది, డిపో చక్కెర ఉంది, పెరట్లో సొరపాదు ఉంది, కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి, ఇంకేం కావాలి అంది. కోళ్ళను కోయడానికి కూడా ఆమె ఒప్పుకోలేదు; గుడ్లు పెట్టే కోడిని కోస్తే ఫిబ్రవరిలో మనం ఏం తింటామన్నది ఆమె ప్రశ్న.

ఆ ఏడు క్రిస్మస్ ఆదివారం నాడు పడింది. ఆరాధన అయి అందరూ పందిట్లో కూర్చునేసరికి లోపల 16 గుడ్లు ఉడికి ఉన్నాయి, బయట 31 మంది ఉన్నారు. అమ్మ కుట్టు దారం ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఒక్కొక్క గుడ్డును సరిగ్గా రెండుగా కోసింది. చాకుతో కోస్తే పచ్చసొన చాకుకు అంటుకుని చెదురుతుంది, దారంతో కోస్తే అద్దంలాగా వస్తుంది. చింతపండు పులుసులో ఆ సగాలను పచ్చసొన పైకి కనబడేలా పరిచింది. పులిహోర, సొరకాయ పప్పు, గుడ్ల పులుసు, పెరుగుపచ్చడి, సేమ్యా పాయసం, ముందు రోజు చేసిన అరిసెలు. ముప్పై ఒక్క సగాలు విస్తళ్ళలో పడిన తరువాత ఒక్క సగం మిగిలింది. అది ఎవరికి దక్కిందన్న విషయం మీద మా అక్కకూ నాకూ ఈనాటికీ తగాదా ఉంది.

మా చిన్న మామయ్య, అంటే నాన్న చిన్న చెల్లెలి భర్త, మంచి మనిషే గాని నోరు ఆగదు. విస్తరి వైపు రెండుసార్లు చూసి, “ఏందక్కా, ఈ ఏడు ముక్క కనపడదే?” అన్నాడు. పందిరి మొత్తం చప్పుడు ఆగింది. నాన్న తల వంచుకున్నారు. అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు నాయనమ్మ, తన విస్తరి ముందు నుంచి కదలకుండానే, “నాయనా, మా తాతమామ సంగతి నీకు ఎప్పుడన్నా చెప్పానా?” అని మొదలుపెట్టింది.

1876లో మొదలైన ధాత కరువు గురించి మా ప్రాంతంలో క్రైస్తవులైన పాత కుటుంబాలన్నీ ఏదో ఒకటి చెప్పుకుంటాయి. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆ కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని తానే కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. కరువు సాయం నడుస్తున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపి, అది ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నాయనమ్మకు ఈ సంవత్సరాలు, అంకెలు తెలియవు. ఆమెకు తెలిసింది మా తాతగారి తాత ఒక్కడే. కుర్రతనంలో ఆ కాలువ గట్టున మట్టి మోసిన ఆయన, వరసలో వెనకబడితే ఆ పూట గంజి అందుతుందో లేదో తెలియని రోజులు చూసినవాడు కాబట్టి, ఆ తరువాత డెబ్భై ఏళ్ళ వయసు వచ్చినా ఏ పెళ్ళికి పిలిచినా, ఏ పండగకు పిలిచినా, ఇంకా పొయ్యి మీద ఎసరు ఉండగానే వెళ్ళి మొదటి విస్తరి దగ్గర కూర్చునేవాడట. కొత్త కోడలిగా వచ్చిన నాయనమ్మ, ఇదేమి మర్యాద తాతా, పిలిచినప్పుడు లేవవచ్చు గదా అని ఒకసారి అడిగిందట. ముసలాయన లేవలేదట, కొంచెం జరిగి ఆమెకు పక్కన చోటు ఇచ్చాడట. “నువ్వు ఇప్పుడు ఆయన కూర్చున్న చోటే కూర్చున్నావు నాయనా, తిను” అని నాయనమ్మ తన సగం గుడ్డు తీసి మామయ్య విస్తరిలో వేసింది. మామయ్య ఆ తరువాత మాట్లాడలేదు. పులిహోర మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు, అది నిజంగా నచ్చి అడిగాడో, అమ్మ మనసు కుదుటపడాలని అడిగాడో నాకు తెలియదు.

ఈ కథను నేను మా పిల్లలకు చాలాసార్లు చెప్పాను, ప్రతిసారీ అందంగానే చెప్పాను. 2011 డిసెంబరులో హైదరాబాదులో మా ఇంట్లో భోజనాల దగ్గర మళ్ళీ చెబుతూ, ఆ రోజుల్లో ఎంత తక్కువ డబ్బుతో ఎంత గొప్పగా పండగ చేసుకున్నామో అని నేను అన్నప్పుడు, పక్కనే ఉన్న అమ్మ తలెత్తకుండా, “నాకు మాత్రం నవంబరు వస్తుందంటే కడుపులో తిప్పేది” అంది. ఆమె కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు అంది. అందరూ వెళ్ళిన తరువాత అడిగితే, ఏ ఏడూ బంతిలో కూర్చుని కూర రుచి చూసింది లేదని, గిన్నెలో వెనక్కి వచ్చిన ముక్కలు రాత్రికి మాకు పెట్టేదాన్నని, పాటల రాత్రి గుంపు చప్పుడు దూరం నుంచి వినబడుతుంటే ఈ ఏడు ఎంతమంది ఉన్నారో గొంతులను బట్టి లెక్కపెట్టడానికి ప్రయత్నించేదాన్నని చెప్పింది. ఆ రాత్రి నేను పడుకుని, ఆ పదకొండు పండగల్లోనూ పందిట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాను. పాస్టరుగారి చోటు గుర్తుంది, నాయనమ్మ స్తంభానికి ఆనుకున్న చోటు గుర్తుంది, చెప్పకుండా వచ్చిన ఆ యువకుడు కూర్చున్న మూల కూడా గుర్తుంది. అమ్మ విస్తరి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

ఇప్పుడు పండగ మా ఇంట్లో, ఇరవై మందికి మించదు. వంట మనిషిని పెట్టుకుంటాము, బిర్యానీ బయట నుంచి వస్తుంది, డబ్బు గురించి రాత్రుళ్ళు మేలుకోవలసిన అవసరం దేవుడి దయ వల్ల లేదు. మొదటి పళ్ళెం అమ్మకు పెడతాము. ఎనభై దాటిన ఆమె బుద్ధిగా కూర్చుంటుంది గాని, కళ్ళు మాత్రం వడ్డించే గరిటె వెంటే తిరుగుతుంటాయి. ఎవరి పళ్ళెంలోనైనా రెండు ముక్కలు ఎక్కువ పడితే నా వైపు చూస్తుంది.

గులాబీల అచ్చు మాత్రం ఇంకా నాలుగిళ్ళదే. ఆ నాలుగిళ్ళలో ఒకటి ఒంగోలులో, ఒకటి విజయవాడలో, రెండు హైదరాబాదులో ఉన్నాయి కాబట్టి తేదీలు మార్చుకోవలసి వచ్చింది, డిసెంబరు మొదటి వారంలోనే ప్రయాణం మొదలుపెట్టి, ఆర్టీసీ కార్గోలో గుడ్డ చుట్టుకుని వస్తుంది. ఇలాంటి అచ్చులు బజారులో ఇప్పుడు ఎన్నయినా దొరుకుతాయి, మేము నలుగురం నాలుగు కొనుక్కోలేక కాదు. ఈ ఏడు మాకు పదిహేడో తేదీ వచ్చింది. విజయవాడ నుంచి వదిన నిన్న ఫోను చేసి, చెక్క పిడి వదులైంది, మేకు కొట్టించి పంపుతాను, ఒక రోజు ఆలస్యమైతే ఏమీ అనుకోవద్దని చెప్పింది. కడగకుండానే పంపమని అమ్మ పక్క నుంచి గట్టిగా అంది.